ఫోస్టరింగ్ సంస్థకు ఉల్లాసమైన బ్రాండింగ్: పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలిసిరా (బర్మింగ్‌హామ్)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ గ్రాఫిక్ డిజైన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. చివరి ప్రాజెక్టుకు ఒక చిన్న ఫోస్టరింగ్ సంస్థ దొరికింది. లోగో, రంగులు, అక్షరాలు, కరపత్రం, వెబ్‌సైటు మొదటి పేజీ తయారు చేయాలి.

ఫోస్టరింగ్ గురించి తెలియనివారికి రెండు మాటలు. ఇది దత్తత కాదు. ఏదో కారణం వల్ల కన్నవారి దగ్గర ఉండలేని పిల్లలను మరొక కుటుంబం కొన్ని రోజులో, కొన్నేళ్ళో తమ ఇంట్లో పెట్టుకుని చూసుకుంటుంది. ఆ కుటుంబానికి భత్యం, శిక్షణ, పర్యవేక్షణ ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఇలాంటి కుటుంబాలను వెతికి, పరిశీలించి, వారికి తోడుగా ఉండే పనిని స్థానిక కౌన్సిళ్ళతో పాటు స్వతంత్ర సంస్థలూ చేస్తాయి. వాటిని తనిఖీ చేసేది ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ విభాగం.

సంస్థవారు నాతో చెప్పింది ఒకటే: ఉల్లాసంగా ఉండాలి, జాలి పుట్టించకూడదు. ఇప్పటికే ఉన్న సంస్థల లోగోలను గోడకు అంటించి చూశాను. ఇల్లు, గుండె, అరచెయ్యి, చెట్టు, గాలిపటం. నారింజ, పసుపు, లేత నీలం. పేర్లు మూసేస్తే ఏది ఎవరిదో పోల్చుకోలేం. ఉల్లాసం పోకుండా, ఈ గుంపులో కలిసిపోకుండా ఉండాలంటే ఏవి చూడాలి?

గీతలరమణ (హైదరాబాద్)

గోడ మంచి పనే, కానీ దాని మీద ఫోస్టరింగ్ సంస్థలు మాత్రమే ఉంటే మీరూ పదకొండో గాలిపటమే గీస్తారు. పక్క రంగాలకు వెళ్ళండి.

మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్ చూడండి. 2006 దాకా దాని పేరులో చివరి మాట ‘రిలీఫ్’. ఆ ఏడాది పేరు, రూపం రెండూ మారాయి. పని చేసింది వుల్ఫ్ ఆలిన్స్ అనే డిజైన్ సంస్థ. ఆకుపచ్చ రంగు, కుంచెతో తోచినట్టు రాసినట్టుండే లావు అక్షరాలు. క్యాన్సర్ సంస్థ దగ్గర ఉల్లాసం ఎవరు ఆశిస్తారు? అయినా దాని కరపత్రం చేతిలోకి తీసుకుంటే ఎవరో కుర్చీ లాక్కుని మన పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. పువ్వులు, సూర్యోదయాలు లేకుండా ఆ పని సాధించారు. మాటతీరును, అక్షరాలను కలిపి ఒకే గొంతుగా చేశారు.

షెల్టర్ రెండోది. ఇల్లు లేనివారి కోసం 1966లో పుట్టిన సంస్థ. 2004లో జాన్సన్ బ్యాంక్స్ అనే డిజైన్ సంస్థవాళ్ళు ఆ పేరులోని ‘హెచ్’ అక్షరాన్ని ఇంటి కప్పులా వంచారు. అంతే, విడిగా ఇంటి బొమ్మ అవసరం లేకపోయింది. మీ గోడ మీద ఉన్న ఇళ్ళన్నిటి పక్కన దీన్ని పెట్టి చూడండి.

మూడోది మీ రంగంలోనిదే, ఫోస్టర్ వేల్స్. వేల్స్‌లోని 22 కౌన్సిళ్ళ ఫోస్టరింగ్ సేవలు 2021లో ఒకే పేరు కిందికి వచ్చాయి. ఇంగ్లిషు, వెల్ష్ రెండూ సమానంగా నిలబడాలి కాబట్టి అక్కడ డిజైనర్‌కు అదనపు చిక్కు ఉంది. రెండు భాషల లోగో ఎలా ఉండాలో తెలుగువాళ్ళం అందరం చూడవలసిన ఉదాహరణ.

ఇంతకీ ఈ లోగోను చూడవలసింది ఎవరు? సంస్థవారు ఇచ్చిన బ్రీఫ్‌లో (ఏం కావాలో చెప్పే కాగితంలో) రాశారా?

నీలిసిరా

‘పిల్లలు, కుటుంబాలు’ అని రాశారు. నేను ఎక్కువగా పిల్లల కోసమే ఆలోచిస్తున్నాను.

ఆఫ్‌సెట్_బాబాయి (విజయవాడ)

నాకొక అనుమానం. ధర్మసంస్థ డబ్బు ఇలా రంగులకూ గీతలకూ పోవలసిందేనా? మా ప్రెస్సుకు వచ్చే సేవాసంస్థల వాళ్ళు ఒక సంవత్సరం లెటర్‌హెడ్ మార్చుకుంటారు, మరుసటి సంవత్సరం మళ్ళీ మార్చుకుంటారు. పాత స్టాకు అటక మీద చెదలు పడుతుంది. అమ్మాయి చదువు కోసం చేస్తోంది కాబట్టి సరే. అసలు సంస్థ అయితే ఆ డబ్బుతో నాలుగు మంచాలు కొనుక్కోమంటాను.

సుధ_మాంచెస్టర్

బాబాయి గారూ, మంచాలు ఉన్నాయి. వాటిని వేయడానికి ఇళ్ళే దొరకడం లేదు. నేను ఇక్కడ పిల్లల సోషల్ వర్కర్‌ని, రోజూ చూసేది అదే. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు 80 వేల మందికి పైనే. అందులో మూడింట రెండు వంతుల మంది ఫోస్టర్ కుటుంబాల్లో ఉన్నారు. కొత్తగా ముందుకు వచ్చే కుటుంబాలు చాలకపోతే అన్నదమ్ములను రెండు ఊళ్ళకు విడదీయవలసి వస్తుంది. ఒక కరపత్రం చూసి ఒక కుటుంబం ఫోన్ చేస్తే ఆ కరపత్రం ఖర్చు గిట్టినట్టే.

నీలిసిరా గారూ, ఇక మీ విషయం. పిల్లలు మీ లోగో చూసి సంస్థను ఎంచుకోరు. ఏ పిల్లవాడికీ ఆ అవకాశం ఉండదు. మీ డిజైన్‌కు అసలు పని రెండు చోట్ల ఉంది. ఒకటి, రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని ‘మనం చేయగలమా’ అని ఫోన్‌లో వెతికే నలభై, యాభై ఏళ్ళ మనిషి. రెండు, ఏ బిడ్డను ఏ కుటుంబానికి పంపాలో చూసే కౌన్సిల్ ఉద్యోగులు. స్వతంత్ర సంస్థకు రుసుము కట్టేది వాళ్ళే. ఆ ఉద్యోగికి మీ ఉల్లాసం కంటే మీ ఆఫ్‌స్టెడ్ నివేదిక ముఖ్యం. ఆ నివేదికకు పేజీలో గౌరవమైన చోటు ఇవ్వండి.

ఇంకొకటి. లోగోల్లో కనిపించేది ఎప్పుడూ మూడేళ్ళ పాప. సంరక్షణలో ఉన్న పిల్లల్లో సగానికి మించి పదేళ్ళు దాటినవాళ్ళే. క్రేయాన్ గీతలు, టెడ్డీ ఎలుగుబంట్లు పెడితే పదిహేనేళ్ళ కుర్రాడికి ఇంట్లో చోటిద్దామనే ఆలోచన ఎవరికి వస్తుంది? మాకు ఇళ్ళు దొరకనిది ఆ వయసు వాళ్ళకే.

వత్తుపొల్లు (రాజమహేంద్రవరం)

క్రేయాన్ అక్షరాల మీద ఇంకో మాట. పిల్లల చేతిరాతను అనుకరించే ఫాంట్లు పెద్దవాళ్ళు తయారు చేసినవి. అద్దంలోలా తిరగబడిన ‘ఎస్’ ముద్దుగా ఉంటుందని అనుకునేది పెద్దవాళ్ళే. ఎనిమిదేళ్ళ పిల్ల చక్కగా రాయాలని నాలుక బయటపెట్టి కష్టపడుతుంది.

రంగుల దగ్గర లెక్క చూసుకోండి. వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకాల రంగుకు మధ్య వ్యత్యాస నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద పచ్చి పసుపుకు వచ్చేది 1.07. తెలుపు మీద మామూలు నారింజ రెండు కూడా దాటదు. మీరు గోడకు అంటించిన ‘ఉల్లాసమైన’ రంగులు ఇవేగా? చత్వారం వచ్చిన మనిషికి అవి కనపడవు, సుధ గారు చెప్పిన సోఫా మనిషికి చత్వారం వచ్చే వయసే. పసుపు వదలలేకపోతే దాన్ని నేలగా వాడి పైన ముదురు నీలం అక్షరాలు పెట్టండి. నిష్పత్తి దాదాపు 15 వస్తుంది.

గీతలరమణ

పిల్లల సంస్థల బొమ్మలకు ఒక పాత చరిత్ర ఉంది, పరిశోధన అధ్యాయానికి పనికొస్తుంది. లండన్‌లో 1870లలో డాక్టర్ బర్నార్డో తన అనాథ పిల్లల ఆశ్రమంలో ఫోటో విభాగమే పెట్టాడు. చేర్చుకున్నప్పుడు చింపిరి బట్టల్లో ఒక ఫోటో, తరువాత పని నేర్చుకుంటూ శుభ్రంగా ఉన్న ఫోటో, రెండూ జంటగా కార్డుల మీద అమ్మేవారు. రెండు ఫోటోలూ ఒకే రోజు తీసినవని, పిల్లలను కావాలని చింపిరిగా చూపించారని ఆరోపణలు వచ్చి 1877లో మధ్యవర్తుల విచారణ దాకా వెళ్ళింది. మిగతా ఆరోపణల్లో చాలావాటి నుంచి ఆయన బయటపడ్డాడు కానీ ఈ ఫోటోల పద్ధతిని మాత్రం తప్పుపట్టారు.

ఆయన పేరుతోనే నడుస్తున్న సంస్థ నూట పాతికేళ్ళ తరువాత, 2003లో, అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లోంచి బొద్దింక వస్తున్న ప్రకటన వేసింది. ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ప్రకటనల నియంత్రణ సంస్థ నిషేధించింది. ఇవాళ అందరూ ‘ఉల్లాసం’ కోరడం వెనక ఈ షాక్ ప్రకటనల మీద విసుగు కూడా ఉంది.

పేర్లలోనూ ఇదే దారి కనిపిస్తుంది. ఇప్పటి చిల్డ్రన్స్ సొసైటీ 1881లో పుట్టినప్పుడు దాని పేరులో దిక్కులేనివాళ్ళు, దారితప్పినవాళ్ళు అనే అర్థమున్న మాటలు ఉండేవి. 1946లో తీసేశారు. ఒకప్పుడు నేషనల్ చిల్డ్రన్స్ హోమ్ అనే పేరున్న సంస్థ 2008లో యాక్షన్ ఫర్ చిల్డ్రన్ అయింది. జాలి నుంచి పని వైపు నడక అన్నమాట.

గోదారిగట్టు

చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. నేను కోనసీమలో ఒక పిల్లల హోమ్‌లో పెరిగాను, పేరు అక్కర్లేదు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం.

రమణ గారు చెప్పిన జాలి ఫోటోల సంగతి నాకు తెలుసు. కానీ మా దగ్గర తీసినవి నవ్వు ఫోటోలే. ఎవరిదో పుట్టినరోజు, వాళ్ళు వచ్చి మాకు భోజనం పెట్టేవారు. ముందు మేము పాట పాడాలి, తరువాత కేకు, తరువాత గ్రూపు ఫోటో, ఆ తరువాతే విస్తరి. ‘నవ్వండిరా’ అనేవారు. ఆకలేసినవాళ్ళు ఎలా నవ్వుతారో అలాగే నవ్వేవాళ్ళం. సంవత్సరం చివర అవి క్యాలెండర్ మీద అచ్చయ్యేవి. ఇంటర్‌లో ఉండగా మా కాలేజీ ఎదుటి కిరాణా కొట్టులో ఆ క్యాలెండర్ వేలాడేది. జనవరి, ఫిబ్రవరి పేజీలో నేను. ఆ రెండు నెలలూ ఆ కొట్టుకు వెళ్ళలేదు.

మీరంతా ఉల్లాసాన్ని జాలికి విరుగుడు అనుకుంటున్నారు. పిల్లల వైపు నుంచి చూస్తే రెండింటికీ ఫోటో తీయించుకోవలసింది మేమే. ఉల్లాసం కావాలంటే పెద్దవాళ్ళను పెట్టండి. ఇంటికి వచ్చే పిల్లవాడు సంతోషంగా ఉండాలని ఏమీ లేదు. మొదటి వారం వాడు ఏడుస్తాడు, లేదా ఎవరితోనూ మాట్లాడడు. అదీ సరేనని ఆ బొమ్మ చెప్పాలి. నవ్వుతున్న పిల్లల బొమ్మ చూసి వచ్చిన మనిషి, నవ్వని పిల్లవాణ్ణి చూసి ఏమనుకుంటాడు?

సుధ_మాంచెస్టర్

దీనికి జోడించడానికి నా దగ్గర ఏమీ లేదు. నీలిసిరా గారూ, దీన్ని మీ బ్రీఫ్ పైన అంటించుకోండి.

ధర్మసందేహం (విశాఖపట్నం)

వకీలుగా ఒక అడ్డుకట్ట. మన దేశంలో ఇలాంటి ప్రచార సామగ్రి చేసేవాళ్ళు 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చదివి తీరాలి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో, వారిని గుర్తుపట్టే ఏ వివరమైనా మీడియాలో, ఏ రూపంలోనైనా బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గోదారిగట్టు గారు చెప్పిన రకం ఫోటోలు ఈనాటికీ ఫేస్‌బుక్‌లో రోజూ కనిపిస్తాయి, అది వేరే బాధ. బ్రిటన్‌లో నిబంధనలు వేరు. అక్కడ చాలామంది మోడళ్ళనో చిత్రాలనో వాడేది ఈ గోప్యత కోసమే.

మన దగ్గర ఫోస్టర్ కేర్ ఉందా అని ఎవరైనా అడిగేలోపే చెబుతాను. ఉంది, అదే చట్టం 44వ సెక్షన్‌లో. జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి ద్వారా జరుగుతుంది. 2024 మార్గదర్శకాలతో పెళ్ళి కానివారు, భర్త లేదా భార్య పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉంటే తీసుకోవచ్చు. ఒంటరి మహిళ ఏ బిడ్డనైనా, ఒంటరి పురుషుడు మగపిల్లవాణ్ణి మాత్రమే. ఈ సంగతి జనానికి తెలియదు. చక్కటి తెలుగు కరపత్రం ఒకటి ఎవరైనా చేస్తే బాగుండును.

లెస్టర్_పిన్ని

ఇక్కడ రాస్తున్నవాళ్ళలో ఫోస్టర్ కేరర్‌ని, అంటే పిల్లలను ఇంట్లో పెట్టుకుని చూసుకునేదాన్ని, నేనొక్కదాన్నే అనుకుంటాను. మా ఆయన, నేను మొదలుపెట్టి చాలాకాలమైంది. పిల్లల వివరాలు చెప్పకూడదు, చెప్పను.

నేను ఫోన్ చేసింది లోగో చూసి కాదమ్మా. లైబ్రరీలో ఒక కాగితం ఉంది, దాని మీద ప్రశ్నలు. అద్దె ఇంట్లో ఉన్నారా, ఫర్వాలేదు. పెళ్ళి కాలేదా, ఫర్వాలేదు. ఉద్యోగం చేస్తున్నారా, మాట్లాడుకుందాం. ఒక ఖాళీ పడకగది ఉందా, అది మాత్రం కావాలి. మాకు సొంత ఇల్లు లేదు, మనల్ని రానివ్వరు అనుకుంటూ వచ్చినదాన్ని, ఆ కాగితం దగ్గర నిలబడిపోయాను. ఏ రంగులో ఉందో ఇప్పుడు గుర్తు లేదు. అది నాతో తమాషాగా, గౌరవంగా మాట్లాడింది, అది గుర్తుంది. చివర ‘వంట బాగా రాకపోయినా సర్దుకుంటాం’ అని ఉంది. నవ్వొచ్చింది.

మా ఇంట్లో ఫ్రిజ్ మీద సంస్థవాళ్ళిచ్చిన అయస్కాంతం బిళ్ళ ఉండేది, కార్టూను కుటుంబం బొమ్మతో. స్నేహితుడు వస్తున్నాడంటే ఒక అబ్బాయి దాన్ని తిప్పి పెట్టేవాడు. నేను ఏమీ అనలేదు, తీసి సొరుగులో వేశాను.

సుధ_మాంచెస్టర్

పిన్నిగారూ, నేను బడికి వెళ్ళేటప్పుడు మెడలోని గుర్తింపు కార్డు తీసి జేబులో పెట్టుకుంటాను, అదే కారణం.

నీలిసిరా గారూ, విద్యార్థుల ప్రాజెక్టుల్లో లోగోను సంచి మీద, టీ షర్టు మీద, కారు తలుపు మీద అతికించి చూపించడం అలవాటు. ఇక్కడ అది కుదరదు. సంస్థ పేరున్న కారు బడి గేటు ముందు ఆగితే ఆ బిడ్డ సంగతి తరగతి మొత్తానికి తెలిసిపోతుంది. పిల్లలు ఇల్లు మారేటప్పుడు సామాను చెత్త సంచుల్లో వేసి పంపే దురలవాటు ఇక్కడ ఉంది. దాని మీద చాలా పోరాటం జరిగింది, మంచి సంచులు ఇచ్చే సంస్థలు కూడా పుట్టాయి. సంచి ఇవ్వండి, మంచిది ఇవ్వండి, మీ గుర్తు మాత్రం దాని మీద వేయకండి.

ఇంకో సంగతి, ఆ సంస్థ నిజంగా లాభాపేక్ష లేనిదేనా అని కాగితాలు చూసుకోండి. ఇంగ్లండ్‌లో లాభం కోసం నడిచే ఫోస్టరింగ్ కంపెనీలు చాలా ఉన్నాయి, చూడటానికి చారిటీల్లాగే ఉంటాయి. స్కాట్లండ్‌లో అలాంటివాటికి అనుమతి లేదు. వేల్స్‌లో కూడా లాభాన్ని తొలగించడానికి 2025లో చట్టం వచ్చింది. చారిటీ అయితే చారిటీ కమిషన్ ఇచ్చిన నమోదు సంఖ్యను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాచకండి.

నీలిసిరా

నమోదు సంఖ్య చూశాను, చారిటీయే. మీ అందరి మాటల తరువాత దిశ మార్చాను.

ఫోటోల్లో, బొమ్మల్లో పిల్లలు ఉండరు. ఇల్లు ఉంటుంది, అదీ పద్ధతిగా సర్దిన ఇల్లు కాదు. మెట్ల మీద వేర్వేరు సైజుల చెప్పులు, మూత పెట్టని జామ్ సీసా, తలుపు మీద ‘తట్టి రావాలి’ అన్న చీటీ. ఆ చీటీ పదిహేనేళ్ళవాడి కోసం. పెద్దవాళ్ళు కనిపిస్తారు, పనుల మధ్యలో. కరపత్రం పిన్నిగారు చెప్పినట్టు ప్రశ్నలతోనే మొదలవుతుంది. నేల ఆవపసుపు, అక్షరాలు ముదురు నీలం, నిష్పత్తి కొలిచి చూశాను. లోగోలో బొమ్మ లేదు, పేరు మాత్రమే, గుండ్రటి లావు అక్షరాల్లో. ఏయే వస్తువుల మీద గుర్తు వేయకూడదో బ్రాండ్ మార్గదర్శిలో ఒక పూర్తి పేజీ పెడుతున్నాను.

ఒక చిక్కు. మా గైడ్ ‘ఉల్లాసం ఎక్కడ?’ అని అడిగారు. పిల్లల నవ్వు లేకుండా ఫోస్టరింగ్ కరపత్రం ఆయన ఊహకు అందడం లేదు.

గీతలరమణ

జామ్ సీసా చూపించండి. దాని కింద ఆ వంట వాక్యం లాంటిది పెట్టండి, కానీ మీ సొంతది రాయండి. ఆయన నవ్వకపోతే అప్పుడు చూద్దాం. ఒక అభ్యంతరం మాత్రం ఉంది. ముదురు నీలం, ఆవపసుపు ఇప్పుడు ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉన్నాయి. మూడో రంగు ఏదైనా, గులాబీ కాని ఎరుపు ఒకటి, చాలా తక్కువగా వాడి చూడండి.

వత్తుపొల్లు

లెస్టర్, బర్మింగ్‌హామ్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, కరపత్రానికి తెలుగు, గుజరాతీ, పంజాబీ ప్రతులు ఉంటాయా? ఉంటే ఇంగ్లిషు అక్షరాలకు బాలూ ఫాంటు ప్రయత్నించండి. ఏక్ టైప్ వాళ్ళది, ఉచితం. గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. దాని తెలుగు రూపం పేరు ‘బాలూ తమ్ముడు’. గుజరాతీకి, పంజాబీ రాసే గురుముఖికి కూడా తోబుట్టువులు ఉన్నాయి కాబట్టి అన్ని ప్రతులూ ఒకే ఇంటివిలా కనిపిస్తాయి. శీర్షికలకే వాడండి, లోపలి పాఠానికి తెలుగులో మండలి ఫాంటు లాంటిది తీసుకోండి. వత్తుల కోసం పంక్తుల మధ్య దూరం ఇంగ్లిషు కంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది.

ధర్మసందేహం

తెలుగు ప్రతి తయారైతే నాకు పంపండి. మన చట్టానికి తగినట్టు మార్చి, ఇక్కడి జిల్లా విభాగం వాళ్ళకు చూపిస్తాను. వాళ్ళు వాడతారో లేదో చెప్పలేను.

ఆఫ్‌సెట్_బాబాయి

మంచాల మాట వెనక్కి తీసుకోను కానీ ఈ కరపత్రం నాకు నచ్చింది. అమ్మాయీ, ఒక పని చెయ్యి. ఆవపసుపు, నీలం, ఆ మూడో ఎరుపు, మూడూ స్పాట్ రంగులుగా, అంటే ముందే కలిపి ఉంచిన సిరాలుగా, పెట్టు. నాలుగు రంగుల్లో కలిపి తీస్తే ఆవపసుపు ప్రతి విడతకూ ఒక్కోలా వస్తుంది, ఒకసారి పచ్చగా, ఒకసారి బురదగా. మెరిసే ఆర్ట్ పేపర్ వద్దు, పూత లేని మ్యాప్‌లిథో మీద వెయ్యి, పెన్నుతో రాసుకోవచ్చు. జనం ఫోన్ నంబరు పక్కన ఏదో ఒకటి రాసుకుంటారు. పూత లేని కాగితం సిరా పీలుస్తుంది, నీలం కాస్త మసకగా కనిపిస్తుంది, అది ముందే లెక్కలో పెట్టుకో. విశాఖ వకీలు గారి తెలుగు ప్రతికి అచ్చు ప్లేట్లు నా దగ్గర ఉచితం, కాగితం ఖర్చు వాళ్ళది. పీడీఎఫ్‌లో ఫాంట్లు అవుట్‌లైన్ చేసి (అక్షరాలను బొమ్మలుగా మార్చి) పంపు, లేకపోతే వత్తులు ఎగిరిపోతాయి.